పుడిసెడు పాలు

తూకం మిషన్ ఎక్కేటప్పుడు వైకుంఠం కళ్లు మూసుకుంటాడు. గుళ్లో దేవుడి ముందు మూసుకున్నట్టు కాదు, సూది వేయించుకునే పిల్లవాడు మూసుకున్నట్టు. చెప్పులు విడిచి, జేబులోని ఫోను తీసి కోడలి చేతికిచ్చి, ముందొక కాలు, కాసేపాగి ఇంకో కాలు పెడతాడు. స్వరూప మాత్రం కళ్లు మూసుకోదు. ఎర్రటి అంకెలు అటూ ఇటూ ఊగి ఒకచోట కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టి చూస్తుంది.

ఆ శనివారం అంకెలు కుదురుకున్నాక కూడా సోనీ చేతిలో పెన్ను కదలలేదు. ఆ డయాలసిస్ సెంటర్లో మిషన్లు నడిపేది ఆమే. వైకుంఠాన్ని చూసి, స్వరూపను పక్కకు పిలిచింది.

"మూడున్నర కిలోలు పెరిగిండు. మొన్న బేస్తవారం నీళ్లన్నీ గుంజి పంపిన గదా! రెండు దినాలల్ల మూడున్నరనా? ఏం తాపిచ్చినవ్ మామకు?"

"నేనేం తాపియ్యలే అక్కా. సీసాతోని కొలిచే ఇస్తున్న."

"కొలిస్తే మనిషి గిట్లెందుకు ఉబ్బుతడు?"

మామ కిడ్నీలు పనిచేయడం మానేసినప్పటినుంచి ఆయన తాగిన ప్రతి చుక్కా ఒంట్లోనే నిలబడిపోతుంది. వారానికి మూడుసార్లు మిషన్ దాన్ని గుంజి పారేయాలి. అందుకే పొద్దున లేవగానే అరలీటరు స్టీలు సీసా నింపి, మందులకైనా దాహానికైనా రోజంతా అదేనని ఆయన ముందు పెడుతుంది. కూరలో ఉప్పు చిటికెడు. పప్పు పల్చన చేయదు, చారు జోలికే పోదు. డయాలసిస్ రోజుల్లో మిషన్ మీద బీపీ పడిపోతుందని పొద్దుటి బీపీ గోలీ ఆపుతుంది. షుగరు ఎంతుందో చూసి, డాక్టరు రాసిచ్చినట్టు, దానికి తగినంతే ఇన్సులిన్ ఇస్తుంది. ఇవన్నీ సోనీయే నేర్పింది. ఒక్కటీ తప్పలేదు. అయినా పొద్దున షుగరు మూడొందలకు దగ్గర్లో ఉంది, ఇక్కడికొచ్చేసరికి బీపీ రెండొందలకు దగ్గర్లో ఉంది.

మూడో గంటలో వైకుంఠం పిక్క పట్టేసింది. తరవాత నుదుటి మీద చెమట పోసింది. "బిడ్డా, కండ్లల్ల చీకటైతుంది," అన్నాడు. సోనీ పరుగెత్తుకొచ్చి కుర్చీ వెనక్కి వంచి, కాళ్లు పైకెత్తి, నీళ్లు గుంజడం ఆపింది. బీపీ అడుగంటింది. వేలు గుచ్చి చూస్తే షుగరు కూడా అడుగంటింది. పొద్దున ఆకాశంలో ఉన్నది మధ్యాహ్నానికి పాతాళంలో ఉంది. ఒక సీసా సెలైను ఎక్కించారు, నోట్లో గ్లూకోజు పోశారు. స్వరూప ఆయన అరికాళ్లు రుద్దుతూనే ఉంది. ఎప్పుడూ పచ్చిపాల వాసన వేసే ఆ చేతులు ఇప్పుడు స్పిరిట్ వాసన వేస్తున్నాయి.

డాక్టరు వచ్చేసరికి వైకుంఠం తేరుకున్నాడు. డాక్టరు ఆయనతో మాట్లాడలేదు. వార్డులో పది మంది వింటుండగా స్వరూపతో మాట్లాడాడు.

"ఇంట్లో ఈయన్ని చూసేది నువ్వేనా? గుండె బలం తగ్గిందని పోయిన నెలే చెప్పాను. ఇన్నేసి నీళ్లతో వస్తే గుంజాలి, గుంజితే బీపీ పడిపోతుంది. ఎన్నిసార్లు తట్టుకుంటుందమ్మా ఆ గుండె? వచ్చేది మంగళవారం, మధ్యలో మూడు రోజుల ఎడం. ఇంతే బరువుతో వస్తే కుర్చీలో కూచోబెట్టను, ఐసీయూలో చేర్చుకుంటాను. అక్కడ్నుంచి ఎట్లా వస్తారో నేను మాటివ్వలేను."

"నీళ్లు కొలిచే ఇస్తున్న సార్."

"నువ్వివ్వకపోతే గాల్లోంచి వస్తున్నాయా?"

పక్క కుర్చీలోని ముసలాయన కొడుకు నవ్వాడు. స్వరూప తల వంచుకుని అరికాలు రుద్దుతూ ఉండిపోయింది. వైకుంఠం ఏదో అనబోయి, నాలుక తడారి ఊరుకున్నాడు. ఒంటినిండా నీళ్లుండి నోరు ఎండిపోయే రోగం అది.

*

వాళ్ల ఇల్లు హుస్సేనీ ఆలంలో, రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిన గల్లీలో ఉంది. చిన్న వాకిలి, దాని చుట్టూ మూడు గదులు, మూలకు వంటిల్లు. వాకిలి మీద ఆకాశం పరుపంత కనిపిస్తుంది. ఎండాకాలం ఆ కాస్త ఆకాశమే నిప్పులు పోస్తుంది.

స్వరూప మొగుడు మహేందర్ సెంటరునుంచి తండ్రిని తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి, సంగతంతా తల్లికి చెప్పాడు. కళావతి అంతా విని, వంటింట్లోకి పోయి, ఫ్రిజ్ తెరిచి చూసింది, నీళ్ల ఫిల్టరు చూసింది, కుండ మూత తీసి చూసింది. బయటికొచ్చి తలుపు దగ్గరికేసి తాళం పెట్టింది. పుస్తెలతాడుకున్న పిన్నీసు విప్పి దానికి తాళంచెవి గుచ్చుకుంది.

"అత్తమ్మా, రాత్రికి రొట్టెలు చెయ్యాలె గదా," అంది స్వరూప.

"చేద్దువు. నేను తీస్త, నువ్వు చేస్తవు, నేనేస్త. ఇగ గంతే."

"నా మీద అనుమానమా?"

"అనుమానమెందుకు? నీ మనసు మెత్తన. ఆయన పిల్లి లెక్క చూస్తడు, నువ్వు గిలాస ముంచుతవు. ఆ మెత్తదనమే నా మొగుణ్ని మింగుతది." కళావతి గొంతు అంతవరకు గట్టిగానే ఉంది, ఆ తరవాత చీలింది. "నాకు అంకెలు రావు. మిషన్లు రావు. తాళం ఎయ్యనీకి వస్తది. నాకొచ్చింది నేను చేస్త."

స్వరూప మొగుడి వైపు చూసింది. మహేందర్ బైకు తాళంచెవిని వేలికి తిప్పుకుంటున్నాడు.

"అమ్మ అన్నదాంట్ల తప్పేముంది? బాపు అడిగితే నువ్వు కాదనలేవు. గదే జరుగుతుంటది."

"నువ్వు చూసినవా?"

"నేనాడ చూస్త? పొద్దంతా హోటళ్ల పొంటి పాలు తిప్పుడేనాయె. ఊకె లొల్లి చెయ్యకు."

ఆ రాత్రి దాహమైతే స్వరూప కూడా అత్తను లేపవలసి వచ్చింది. కళావతి లేచి, తాళం తీసి, ఒక గ్లాసు నీళ్లిచ్చి, ఆమె తాగేదాకా నిలబడి చూసి, మళ్లీ తాళం వేసింది. గ్లాసు కడిగి తనతోనే తీసుకుపోయింది. స్వరూప మంచం మీద కూచుని తన అరచేతుల్ని చూసుకుంది. ఇవే కదా నీళ్లు పోస్తున్నాయని అందరూ అంటున్నవి. ఒకవేళ నిజంగానే ఏదైనా మరిచిపోతున్నానా అని మొదటిసారి ఆమెకే అనుమానం వచ్చింది.

*

ఆదివారం పొద్దున అజాన్ వినపడగానే వైకుంఠం లేచి ముఖం కడుక్కున్నాడు. డయాలసిస్ ఉన్నా, లేకున్నా, ఒళ్లు తూలుతున్నా తెల్లారేసరికి ఆయన పాల అడ్డా మీద ఉండాలి. బార్కస్ అవతలి కొట్టాలనుంచి, పహాడీ వైపునుంచి పాలవాళ్లు బైకుల మీద, ఆటోల్లో క్యాన్లు తెస్తారు. వైకుంఠం చూసి సరే అన్న పాలే తీసుకుంటారు. మిగతా పని, అంటే హోటళ్లకూ ఇళ్లకూ పొయ్యడం, మహేందర్‌ది.

ముందురోజు షుగరు పడిపోయిందన్న భయంతో స్వరూప ఆయన గడప దాటకముందే వేలు గుచ్చి చూసింది. రోజూ అయితే అడ్డానుంచి వచ్చాక, అన్నానికి ముందు చూస్తుంది. మిషన్ నూట ముప్పై అని చూపింది. స్వరూప నమ్మలేక ఇంకోసారి గుచ్చింది. అంతే వచ్చింది.

"ఏందే బిడ్డా, పాలు పితికినట్టు రక్తం పితుకుతున్నవ్," అని నవ్వి వైకుంఠం వెళ్లిపోయాడు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఇప్పుడు నూట ముప్పై. రోజూ రెండు గంటల తరవాత, ఏమీ తినకుండానే, మూడొందలకు దగ్గర. ఈ మధ్యలో ఏమవుతుంది? అడ్డా దగ్గర చాయ్ తాగుతున్నాడా? ఆమె కొంగు నిండుగా కప్పుకుని, గ్లూకోజు పొట్లం చేతబట్టుకుని గల్లీలోకి దిగింది. ఎవరైనా అడిగితే పొట్లం ఇవ్వడానికి వచ్చానని చెప్పొచ్చు. ఆ ఇంటి ఆడవాళ్లు అడ్డా మీదికి పోవడం ఎప్పుడూ లేదు.

కమాను పక్కన మూసి ఉన్న గాజుల దుకాణం ముందు వైకుంఠం స్టూలు మీద కూచుని ఉన్నాడు. చుట్టూ క్యాన్లు, బైకులు, అరుపులు. స్వరూప షట్టరు వారగా నిలబడింది.

బార్కస్ మున్నా క్యాను మూత తీశాడు. "చఖో వైకుంఠం భాయ్! ఏక్ బూంద్ పానీ నై, కసం సే," అని చుక్క నీళ్లు కలపలేదని ఒట్టేశాడు.

"నీ కసం నీళ్లకన్నా పల్చన మున్నా," అన్నాడు వైకుంఠం. అందరూ నవ్వారు, మున్నా అందరికన్నా గట్టిగా నవ్వాడు.

వైకుంఠం కుడిచేతి వేళ్లు దొన్నెలాగా ముడిచి క్యానులో ముంచాడు. పుడిసెడు పాలు నోటికి అందించి సుర్రున పీల్చాడు. కళ్లు మూశాడు. నాలుక లోపలెక్కడో తిరిగింది. గొంతుముడి పైకి లేచి కిందికి దిగింది. తరవాత గరిటె పెట్టి అడుగునుంచి కలిపించి, మళ్లీ ముంచాడు, మళ్లీ పీల్చాడు. మళ్లీ గొంతుముడి దిగింది.

"మేత మార్చినవా? తౌడు పెడుతున్నట్టున్నవ్. ఎత్తుర్రి."

ఇంకో క్యాను మూత తెరుచుకుంది. పైన ఒకసారి, కలిపి ఒకసారి. ఆ తరవాత ఇంకోటి. ఎవరూ ఆయన్ని చూడడం లేదు, అందరూ ఆయన ఏమంటాడా అని ఎదురుచూస్తున్నారు. అవతల మహేందర్ తీసుకున్న పాలను తన క్యాన్లలోకి ఒంపుకుంటున్నాడు. తండ్రికి ఇంత దూరంలోనే ఉన్నాడు. రోజూ ఉంటాడు.

స్వరూప మాత్రం ఆ గొంతుముడినే చూస్తూ నిలబడింది. అది దిగినప్పుడల్లా ఆమె చేతిలోని పొట్లం ఇంకాస్త నలిగింది.

మహేందర్ బైకు హోటళ్ల వైపు మళ్లాక, పాలవాళ్లు చెదిరిపోయాక ఆమె ముందుకొచ్చింది. వైకుంఠం ఉలిక్కిపడ్డాడు.

"ఏమైంది బిడ్డా? ఇంట్ల ఏమన్న..."

"ఏం కాలే మామా. ఎన్ని పాలు తాగినవ్?"

"నేనా? పాలెందుకు తాగుత? పాలు బందు జేసి ఏడాదాయె. చాయ్ గూడ ముట్ట."

"ఇప్పుడు తాగినవ్ గదా. నేను చూసిన."

వైకుంఠం నవ్వాడు. తెలియని పిల్ల మాట విని నవ్వినట్టే నవ్వాడు. "గది తాగుడు కాదే! పాలు చూసుడు. మా నాయిన గిట్లనే చూసిండు, తాత గిట్లనే చూసిండు. ఏకాశి ఒక్కపొద్దు నాడు గూడ పాలు చూస్తం. పొద్దు చెడదు. ఎందుకు చెడదు? అది నోట్లె వేసుకున్నట్టు లెక్క కాదు గన్క."

"మింగకుండ ఉమ్మొచ్చు గదా?"

ఆయన ముఖం మారిపోయింది. చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. "పాలు ఉమ్ముతరా ఎవలన్న? పాలు ఉమ్మితే పాడి పోతది. ఉమ్మినోని ఇంట్లనే కాదు, ఆ బర్రె ఉన్నోని ఇంట్ల గూడ పోతది. గా మాట ఇంకోసారి అనకు."

దుకాణం పక్కన గోడకు ఒక నల్లా, దాని కింద పాలవాళ్లు క్యాన్లు కడిగే బకెట్టు ఉన్నాయి. స్వరూప మామ సంచిలోంచి అరలీటరు స్టీలు సీసా తీసి, అందులోని నీళ్లు మోరీలో పారబోసింది. బకెట్టు ఆయన ముందుకు జరిపింది.

"పాలు చూసినట్టే చెయ్యి ముంచు మామా. ఒక్కొక్క క్యాను పేరు చెప్పి గిండ్ల పొయ్యి."

"పిచ్చిదానివా ఏంది?"

"ఒక్కసారి పొయ్యి మామా. నన్ను నలుగుర్ల నిలబెట్టి అడుగుతున్నరు."

ఆ మాటకు వైకుంఠం చెయ్యి ముంచాడు. "మున్నా మొదటిది," అన్నాడు నవ్వుతూనే. సీసా మూతిలో పోశాడు. "కలిపినంక." మళ్లీ పోశాడు. "మున్నా రెండోది. కలిపినంక. పహాడీ ఆటోల ముందుది..." ఆయనకు క్యాన్లన్నీ వరుసగా గుర్తున్నాయి. ఎవరిది పుల్లగా ఉందో, ఎవరిది పల్చగా ఉందో కూడా గుర్తుంది. పోస్తూ పోస్తూ నవ్వడం మానేశాడు. నీళ్లు సీసా మెడకు వచ్చాయి. ఇంకో పుడిసెడు పోస్తే పొంగి ఆయన పాదం మీద పడ్డాయి. ఆయన లెక్కలో పహాడీ ఆటో ఇంకా సగమే దిగింది.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"దినాం గిన్ని?" అన్నాడు.

"దినాం. నేనిచ్చే సీసా నేనిస్తున్న, దాని మీద ఇది. షుగరు గూడ గిందుకే ఎక్కుతుంది. ఎక్కిన షుగరు చూసి నేను ఇన్సులిన్ ఎక్కువిస్తున్న. ఆడ మిషన్ మీద కూసున్నంక అది ఒక్కపారే పడిపోతుంది." తాను రోజూ ఇచ్చిన సూదులు గుర్తొచ్చి ఆమె తన చేతుల్ని కొంగులో దాచుకుంది.

వైకుంఠం సీసాను పక్కన పెట్టి, తడిచెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"రేపటిసంది నోట్లె పెట్ట. వాసన చూస్త, చాలు. గని బిడ్డా, ఇంట్ల చెప్పకు."

"మామా..."

"మహేందర్ పాలు చూసే మిషన్ కొంటనని ఏడాదిసంది అంటుండు. నువ్వెందుకు బాపు, ఇంట్ల కూసో అంటుండు. ఇది తెలిస్తే రేపే తెస్తడు. ఇంట్ల ఏముంది నాకు? ఆ తాళమేసిన అర్ర ముందట కూసొని నీళ్లు తలుసుకుంట ఉండాల్నా? వారంల మూడు దినాలు వాళ్లు కుర్చీకి కట్టేస్తరు. దినాం పొద్దుటి రెండు గంటలే నేను మనిషిని. గవి తియ్యకు."

ఆయన చేతులు జోడించబోతే స్వరూప వాటిని కిందికి దించింది.

"చెప్పను," అంది.

*

సోమవారం వైకుంఠం క్యాన్ల మీదికి వంగి వాసన చూశాడు. పాలవాళ్లు ముఖాలు చూసుకున్నారు. "క్యా హువా భాయ్, పూలు చూస్తున్నవా పాలు చూస్తున్నవా?" అన్నాడు మున్నా. ఆ పూట వచ్చిన పాలలో ఒక క్యాను హోటల్లో పొయ్యి మీదనే విరిగింది. హోటలాయన నోటికొచ్చినట్టు తిట్టాడని మహేందర్ ఇంటికొచ్చి గొణిగాడు. "బాపు నాలుకకు ఏమైందో ఏమో! మందులు తిని తిని రుచి పోయినట్టుంది." వైకుంఠం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇంట్లో మాత్రం షుగరు కుదురుగా ఉంది. స్వరూప ఇన్సులిన్ తగ్గించి ఇచ్చింది. షుగరు తగ్గేసరికి దాహమూ తగ్గింది. సాయంత్రానికి సీసాలో ఇంకా నాలుగు గుక్కలు మిగిలాయి. కళావతి ఆ సీసాను ఎత్తి, ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. మెడలోని తాళంచెవిని కళ్లకద్దుకుంది.

మంగళవారం ఆమె కూడా సెంటరుకు వస్తానంది. తూకం మిషన్ ఎక్కేటప్పుడు ఈసారి వైకుంఠంతో పాటు కళావతి కూడా కళ్లు మూసుకుంది.

"రెండున్నర గూడ లేదు!" అంది సోనీ. "మూడు దినాల ఎడమొచ్చినా రెండున్నర లేదు. మంగళారం నాడు గింత తక్కువ ఎన్నడు రాలే."

నాలుగు గంటలూ బీపీ కుంటుకుంటూనైనా నిలబడింది. పిక్క పట్టలేదు. చెమట పట్టలేదు. డాక్టరు కాగితం చూసి, వైకుంఠం భుజం తట్టాడు. "చూశారా, అనుకుంటే అయ్యింది. ఏం మార్చారు?"

కళావతి లేచి నిలబడింది. పెద్ద బడిలో జవాబు చెప్పే పిల్లలాగా నిలబడి, మెడలోని తాళంచెవి పైకెత్తి చూపింది. "వంటింటికి తాళమేసిన సారూ. నీళ్లు నేనే పోస్తున్న."

"మంచి పని చేశావమ్మా. ఆ తాళం అట్లాగే ఉంచు."

అప్పుడు డాక్టరు స్వరూప వైపు చూశాడు. తల అడ్డంగా ఊపి పక్క కుర్చీకి పోయాడు. సోనీ దగ్గరికొచ్చి, దూది చుట్ట చేతిలో పెడుతూ గొంతు తగ్గించి, "ఆయన బతిమిలాడితే పోసినవా? నాతోనన్న చెప్తే అయిపోవు గదనే," అంది. ఆ మాటలో కోపం లేదు, జాలి ఉంది. స్వరూప నోరు తెరిచింది. ఎదుటి కుర్చీలో వైకుంఠం కళ్లు మూసుకుని పడుకున్నాడు. సూదులున్న ఎడమచెయ్యి కదలకుండా ఉంది. కుడిచేతి వేళ్లు మాత్రం దొన్నెలాగా ముడుచుకుని, విచ్చుకుని, మళ్లీ ముడుచుకుంటున్నాయి. నిద్ర పోవడం లేదు. అంతా వింటున్నాడు.

"లేదక్కా," అంది స్వరూప. తరవాత దూదిని చేతిలో నలుపుతూ కూచుంది.

*

ఆ సాయంత్రం కళావతి గడప మీద కూచుని పక్కింటి సక్కుబాయికి చెప్పింది. గల్లీలో పోయేవాళ్లకు కూడా వినపడేటట్టు చెప్పింది. "తాళమేసి మూడు దినాలు గాలే, సర్రున దిగింది బరువు! అంటే ఎవలు పోస్తుండ్రి ఇన్ని దినాలు? నేననొద్దు గని..."

"ఊకో కళావతీ, వింటది," అంది సక్కుబాయి.

"విననియ్యి. చెడ్డదని అంటున్ననా? మెత్తనిదంటున్న."

మహేందర్ సాయంత్రం పాలు తిప్పి, మిగిలిన క్యానుతో తిరిగొచ్చాడు. బైకు స్టాండు వేసి, పెళ్లాం ముఖం చూడకుండానే అన్నాడు. "నువ్వు కొన్ని దినాలు మీ అమ్మగారింటికి పోయి రారాదు? నువ్వు గూడ అలిసిపోయినవ్. గా సూది, గోలీలు అమ్మకు చూపెట్టి పో."

స్వరూపకు అర్థమైంది. కొన్ని దినాలంటే ఎన్నో ఆ మాటలో లేదు. లోపలికి పోయి మందుల డబ్బా తెచ్చి అత్త ముందు పెట్టింది. తెల్ల గోలీ డయాలసిస్ నాడు పొద్దుగాల వద్దని, మిగతా దినాలల్ల మరువొద్దని చెప్పింది. ఇన్సులిన్ సూదిని వెలుతురుకు పట్టుకుని గీతలు చూపింది. కళావతి కళ్లు చిన్నవి చేసి చూసింది.

"ఏ గీత కాడికి గుంజాలె?"

"షుగరు ఎంతుంటే దాన్ని బట్టి, అత్తమ్మా. రోజూ ఒక్కతీరుగ ఉండది."

"మరి నాకెట్ల ఎరుకైతది? నువ్వు ఒక గీత చెప్పు, దినాం గదే గుంజుత."

స్వరూప చేతిలో సూది ఆగింది. దినాం ఒకే గీత. షుగరు తక్కువున్న రోజు కూడా అదే గీత. ఆమె మామ వైపు చూసింది. ఆయన మంచం మీద లేచి కూచుని ఉన్నాడు. చూపు సూది మీద ఉంది. ఆమె ఇచ్చిన మాట ఆమెను కట్టేసింది. విడిపించుకుంటే ఆయన ఇంట్లో బందీ అవుతాడు. విడిపించుకోకపోతే ఆయనే ఉండడు.

"మామ పొద్దుగాల అడ్డా మీద..." అని మొదలుపెట్టింది.

"ఆగు," అన్నాడు వైకుంఠం.

మంచం కోడు పట్టుకుని లేచాడు. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. "మహేందర్, గా క్యాను దించు. మూత తియ్యి."

"ఇప్పుడెందుకు బాపు? చూసిన పాలే అవి."

"తియ్యమన్న గద."

మహేందర్ క్యాను దించి మూత తీశాడు. సక్కుబాయి గడప మీదినుంచి మెడ చాచింది. వైకుంఠం వంగి, వేళ్లు ముడిచి, పుడిసెడు పాలు ముంచి సుర్రున పీల్చాడు. కళ్లు మూశాడు. దవడ కదిలింది. అందరూ ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు. స్వరూప గొంతుముడిని చూస్తోంది. అది పైకి లేచి, అక్కడే నిలబడి వణికింది.

కిందికి దిగలేదు.

వైకుంఠం వంగి వాకిట్లో బండల మీద ఉమ్మాడు.

తెల్లగా, చెయ్యంత మేర చిందాయి పాలు. కళావతి కేక సగంలోనే ఆగిపోయింది. సక్కుబాయి రెండు చెంపలూ వేసుకుంది. మహేందర్ మూత పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తాత బతికున్నప్పటినుంచి ఆ ఇంట్లో పాలు ఒలికిపోయిన రోజులున్నాయి, విరిగిపోయిన రోజులున్నాయి, ఉమ్మిన రోజు లేదు.

"దినాం క్యానుకు రెండుపార్లు మింగిన," అన్నాడు వైకుంఠం. ఆయన పెదవుల మీద పాలు మిగిలే ఉన్నాయి, తుడుచుకోలేదు. "రెండు దినాలసంది మింగుత లేను. గందుకు దిగింది బరువు. నీ తాళానికి గాదు, కళావతీ. ఈ పిల్ల ఒక్క చుక్క ఎక్కువ పొయ్యలే. దీనికి ఎరుకై గూడ, నేను చెప్పొద్దంటే నోరు మూసుకున్నది."

మహేందర్ క్యాను వైపు చూశాడు, తండ్రి చేతి వైపు చూశాడు. రోజూ చూసిన చెయ్యే. "నా పక్కకే గద బాపు ఉంటివి," అన్నాడు చివరికి, తనకే వినపడనట్టు.

"నువ్వు మిషన్ కొంటవో, నన్ను కూసోబెడతవో, నీ ఇష్టం. ఉమ్మినోన్ని, ఇగ పాలు చూడ."

ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. కళావతి మెల్లగా కిందికి కూచుంది. తన చీర కొంగుతోనే బండ మీది పాలు అద్దింది, ఎవరి కాలూ పడకుండా, మూలమూలనా అద్దింది. ఆమె వీపు ఎగిరెగిరి పడుతోంది. లేచాక మెడలోని పిన్నీసు విప్పింది. తాళంచెవిని కోడలి చేతిలో పెట్టలేకపోయింది, కిటికీ గూట్లో పెట్టి లోపలికి పోయింది.

స్వరూప దాన్ని తీసుకోలేదు. మామకు ఆసరా ఇచ్చి మంచం మీదికి తెచ్చింది. నడుస్తుంటే ఆయన బరువంతా ఆమె భుజం మీదే పడింది. ఎండకు వాడిన మనిషిలాగా కూలబడి, ఆయన తన కుడిచెయ్యిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు.

"రేపు తెల్లారి ఏం జెయ్యాలె నేను?" అన్నాడు.

స్వరూప మందుల డబ్బా తెరిచి, సూది తీసి, అరిగిపోయి పాలచారలు దిగిన ఆ కుడిచెయ్యిని తన చేతిలోకి తీసుకుంది.

"వేలియ్యి మామా," అంది. "షుగరు చూడాలె."